తప్పటడుగుల బడి

మధ్యాహ్నపు వేళ. ఆత్మకూరులో ఒక మిద్దెయింటి వసారా. ఇల్లాలు చాటలో జొన్నలు పోసికొని రాళ్లు ఏరుచున్నది. ఏడాదిన్నర బిడ్డ పడుచు లేచుచు వచ్చి, రెండు చేతులను ఆ జొన్నలలో ముంచును. గింజలు వేళ్ల సందులనుండి జారిపోవుచుండగా ఆ ముఖమున పుట్టు విస్మయమును చూచినవారు మరువజాలరు. పిడికిలి బిగించినకొలది గింజలు జారిపోవును. చేతిని దొప్పగా చేసినచో నిలుచును. ఈ పాఠము నెవరు చెప్పిరి? చాట చెప్పినది, జొన్న చెప్పినది, చేయి నేర్చినది.

ఇల్లాలు తొందరలో నున్నచో "అవతలికి పో" అని కసరును. తీరిక యున్నచో నాలుగు గుప్పిళ్ల గింజలు ఒక గిన్నెలో పోసి, బిడ్డను తన ప్రక్కన కూర్చుండబెట్టుకొనును. ఈ రెండింటికి నడుమ నున్న భేదమే నేటి ప్రసంగ విషయము. మూడేండ్లు నిండని బిడ్డ కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మము అను అయిదు ద్వారములగుండా గ్రహించునదియే తరువాతి చదువుకు పునాది యని విద్యావేత్తలు చెప్పుచున్నారు. ఈ మాటకు ఒక చరిత్ర కలదు. అది రోము నగరపు బీదల వాడలోను, మద్రాసు అడయారు తోటలలోను, గుజరాతు మహారాష్ట్ర గ్రామములలోను తిరిగి, తుదకు మన యింటి వాకిటికే వచ్చి నిలిచినది.

ఆత్మకూరు నల్లమల అడవికి వాకిలివంటి ఊరు. శ్రీశైలమునకు కాలినడకన పోవు యాత్రికులు ఈ ఊరిమీదుగ నాగలూటి దారి పట్టెడివారు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో కాశీయాత్రకు బయలుదేరినప్పుడు శ్రీశైల దర్శనమునకు ఈ త్రోవనే పోయిరి. చిరకాలము కర్నూలు జిల్లాలో నుండిన ఈ ఊరు 2022 ఏప్రిలు నుండి నంద్యాల జిల్లాలో చేరినది. సీమ కరవు ఎరిగిన నేల యిది. ఇట్టిచోట పసిపిల్లలకు బొమ్మలు కొని యిచ్చు స్తోమత అందరికిని ఎన్నడును లేదు. అయినను బిడ్డలకు ఆటవస్తువులు కరవు కాలేదు.

పాతకాలపు ఇంటిని ఒకసారి బిడ్డ ఎత్తునుండి చూడుడు. నేలను పరచినది బేతంచెర్ల ప్రాంతపు నాపరాతి బండ. ఎండకాలమున సయితము దానిమీద పాదము మోపిన చల్లగా నుండును. ఒక అడుగు దాటి వాకిటి మట్టిలో కాలు పెట్టినచో చుర్రుమనును. చల్లన, వెచ్చన, నున్నన, గరుకు అను నాలుగు మాటలకు అర్థము ఆ గడపకు ఇరుప్రక్కలనే తెలియును. మూలనున్న తిరగలి ఒక తీరున మ్రోగును. రోలు మరియొక తీరున. అమ్మ జొన్నరొట్టె తట్టుచప్పుడు చెవిని పడగానే, ఎక్కడ నాడుకొనుచున్నను బిడ్డ పొయ్యి కడకు పరుగెత్తును. అప్పుడు అవ్వ ఉసిరికాయంత పిండిముద్ద చేతిలో పెట్టును. బిడ్డ దానిని పిసికి, సాగదీసి, తట్టి, వంకరటింకరగా ఒక బిళ్ల చేయును. ఆ బిళ్లను పెనముమీద ఒక మూల కాల్చి యిచ్చినచో, తాను చేసినదానిని తాను తినిన బిడ్డ గర్వమునకు మేర యుండదు. స్పర్శ, వాసన, రుచి, చప్పుడు, రూపము అను అయిదింటి పాఠము ఒక్క రొట్టెముక్కలో ముగిసినది.

ఇది అంతయు యాదృచ్ఛికమని తలపరాదు. పసివాని ఆటను గూర్చి ఆలోచించుట మన దేశమున ప్రాచీనమైన విద్య. మొహెంజొదారో, హరప్పా త్రవ్వకములలో మట్టిబండ్లు, గిలకలు, పక్షి ఆకారపు ఈలలు దొరకినవి. చరక సంహిత శారీరస్థానమున శిశువుల ఆటవస్తువు లెట్లుండవలెనో విధించబడినది: అవి రంగురంగులుగ నుండవలెను, మ్రోగవలెను, చూడముచ్చట గొలుపవలెను, బరువుగ నుండరాదు, మొనదేలియుండరాదు, నోటిలో దూరునంత చిన్నవి కారాదు, ప్రాణమునకు అపాయము తేరాదు, భయము పుట్టింపరాదు. నేటి బొమ్మల కర్మాగారములకు విధించు భద్రతా నియమములలో ముఖ్యమైనవి అన్నియు ఈ ఒక్క విధిలో ఇమిడియున్నవి. అంతేకాదు, బిడ్డ ఏడ్చినను, అన్నము తినకున్నను, మాట వినకున్నను, రాక్షసుల పేరు, పిశాచముల పేరు చెప్పి బెదరింపరాదని కూడ ఆ గ్రంథమే శాసించినది. నేటికిని "బూచి వచ్చును" అని అన్నము తినిపించు తల్లులు ఈ వాక్యమును తలచుకొనవలసియున్నది.

శిశువైద్యమునకే ప్రత్యేకింపబడిన కాశ్యప సంహిత బిడ్డను అలికిన నేలమీద కూర్చుండబెట్టి, జంతువుల రూపముల బొమ్మలిచ్చి ఆడించుటను గూర్చి చెప్పినది. పోతన భాగవతమున మన్ను తిన్న కృష్ణుని కథ తెలుగువారిలో ఎరుగని వారు లేరు. ఆ కథ భక్తులకు ఒక విధముగ రుచించును. పసిపిల్లల తల్లికి మరియొక విధముగ రుచించును. లోకమును నోటితో పరీక్షించుట ఆ వయస్సు స్వభావము. ఆ చిన్ని నోట యశోద లోకములనే చూచినది.

గ్రంథములలో వ్రాయబడిన దానికన్న నోటనుండి నోటికి వచ్చినది పెద్దది. బిడ్డను కాళ్లమీద కూర్చుండబెట్టుకొని ఊపుచు పాడు పాటలు, అరచేతిలో వ్రేలితో గిలిగింతలు పెట్టుచు చెప్పు మాటలు, ఒక్కొక్క వ్రేలిని ముడుచుచు లెక్కించు ఆటలు, చందమామను చూపుచు గోరుముద్దలు పెట్టు పాటలు తెలుగు నేలయందంతటను కలవు. పాటకు లయ, లయకు ఊపు, ఊపునకు నవ్వు. వ్రేళ్ల ఆటలో బిడ్డ తన చేతిని తాను తెలిసికొనును. ముఖము చాటుచేసికొని మరల చూపు దాగుడుమూతలలో, కంటికి కనబడని అమ్మ లేకుండ పోలేదను గొప్ప సత్యమును తెలిసికొనును. గుజ్జెనగూళ్ల ఆటలో ఆకు విస్తరి యగును, ఇసుక అన్నమగును. ఒక వస్తువు మరియొక వస్తువునకు గుర్తు కాగలదను ఎరుకయే తరువాత అక్షరజ్ఞానమునకు మూలము. కర్నాటకమునకు ఆనుకొన్న కర్నూలు పడమటి పల్లెలలో జ్యేష్ఠ అమావాస్యనాడు మట్టితో ఎద్దులను చేసి పూజింతురు. నాడు పెద్దలు ఎద్దును చేయుచుండగా, ప్రక్కన కూర్చున్న పసివాడు మట్టిని పిసికి ఏదో చేసి దానిని ఎద్దేయనును. పెద్దలు ఒప్పుకొనక తప్పదు.

వేటూరి ప్రభాకరశాస్త్రిగారు "బాలభాష" అను పేర పిల్లల పాటలను, మాటలను సంకలించిరి. బిరుదురాజు రామరాజుగారు జానపద గేయములపై చేసిన పరిశోధన విద్వల్లోకమున వీటికి గౌరవస్థానము కల్పించినది. అవ్వల నోట నున్నది గ్రంథములకెక్కినది. అయితే ఇది చదువులో భాగమేయని, బడి అనదగినదియేయని శాస్త్రరీతిని నిరూపించిన వారు మరియొక దేశమున పుట్టవలసివచ్చినది.

1800లో ఫ్రాన్సు దేశపు ఆవెరాన్ ప్రాంతమున అడవిలో పెరిగిన ఒక బాలుడు జనుల చేత చిక్కెను. ఇటార్ అను యువవైద్యుడు వానికి మొదట మాటలు నేర్పలేదు. వేడి చల్లదనములు, ధ్వనులు, ఆకారములు వీటి భేదములను నేర్పుటతో ప్రారంభించెను. వాని అనంతరము సెగ్విన్ అను వైద్యుడు బుద్ధిమాంద్యము గల పిల్లల కొరకు ఆ పద్ధతిని పెంపొందించెను. మరియొక వైపు జర్మనీలో ఫ్రోబెల్ అనునాతడు 1837లో బ్లాంకెన్‌బుర్గ్ అను ఊర పసిపిల్లల ఆటబడి నారంభించి, 1840లో దానికి "పిల్లల తోట" అను అర్థము వచ్చునట్లు కిండర్‌గార్టెన్ అని పేరిడెను. ఆయన బిడ్డ చేతికిచ్చిన తొలి కానుక రంగు ఉన్నితో అల్లిన మెత్తని బంతులు.

ఇటార్, సెగ్విన్ల గ్రంథములను శ్రద్ధతో చదివిన ఇటలీ వైద్యురాలు మరియా మాంటిసోరి. ఆమె 1907 జనవరి 6వ తేదీన రోములో శాన్ లొరెంజో అను బీదల వాడలో ఒక "పిల్లల ఇల్లు" తెరచెను. తల్లిదండ్రులు కూలికి పోగా గోడలు పాడుచేయుచు తిరుగు పిల్లలను ఒకచోట కూర్చుట దాని తొలి ఉద్దేశము. అచట ఆమె పిల్లల చేతికి ఒక సెంటీమీటరు మొదలు పది సెంటీమీటర్ల వరకు పెరుగు పది ఘనములను, గుంతలలో సరిగా ఇముడు కొయ్య బిళ్లలను, నున్ననివి గరుకైనవి అగు పలకలను, ఊపినచో వేరువేరుగ మ్రోగు డబ్బాలను ఇచ్చెను. పిల్లలు మిఠాయిలకన్న ఆ పనియందే ఎక్కువ మక్కువ చూపిరి. ఆ వార్త కొలది యేండ్లలో ప్రపంచమంతట వ్యాపించినది.

ఇక ఆ చరిత్ర మన దక్షిణ దేశమునకు వచ్చు ఘట్టము. 1939 చివర, దివ్యజ్ఞాన సమాజము వారి ఆహ్వానమున మాంటిసోరి మద్రాసు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ నారంభించెను. సుమారు 300 మంది ఆ తొలి తరగతిలో చేరిరి. అప్పటికే ఆమెకు డెబ్బది యేండ్లు సమీపించుచుండెను. 1940లో ఇటలీ యుద్ధమున దిగగా, బ్రిటిషు ప్రభుత్వము ఆమెను శత్రుదేశీయురాలిగ నెంచి కట్టడి చేసెను. ఆమె కుమారుడు మారియోను నిర్బంధమున ఉంచెను. ఆమె డెబ్బదవ జన్మదినమున, 1940 ఆగష్టు 31న, కుమారుని విడుదల చేసిరి. 1942 నుండి సుమారు రెండేండ్లు ఆమె కొడైకెనాలులో నివసించెను. అచ్చట అప్పుడే పుట్టిన శిశువులను, తప్పటడుగుల పిల్లలను దగ్గరనుండి పరిశీలించు అవకాశము ఆమెకు కలిగినది. పుట్టినది మొదలు మూడేండ్ల వరకు బిడ్డ మనస్సు చుట్టునున్న లోకమును, నీటిని పీల్చు ఇసుకవలె, తన ప్రయత్నము లేకయే లోనికి తీసికొనునను ఆమె సిద్ధాంతము ఈ దేశమున పరిపక్వమైనది. ఆ భావములతో కూడిన ఆమె గ్రంథము 1949లో అడయారునుండియే వెలువడినది. ఆనాడు కర్నూలు జిల్లా మద్రాసు రాజధానిలోనిదే. శిశువిద్యను గూర్చిన ఆ ఆలోచన ఎక్కడనో దూరదేశమున కాక, మన పాత రాజధాని నగరమునందే అచ్చయినదని మనము గుర్తుంచుకొనదగును.

అయితే ఆ సామగ్రి ఖరీదైనది. రోములో బీదల బిడ్డల కొరకు పుట్టిన పద్ధతి పెక్కు దేశములలో ధనికుల బడులలోనే నిలిచిపోయినది. ఈ చిక్కును విప్పినవారు మన దేశపు ఇద్దరు ఉపాధ్యాయులు. గిజుభాయి బధేకా వకీలు వృత్తిని వదలి 1920లో భావనగరున బాలమందిరము స్థాపించెను. మాంటిసోరి మార్గమున మన కథలను, పాటలను, ఆటలను చేర్చెను. ఆయనతో పనిచేసిన తారాబాయి మోదక్ 1945లో బొర్డీ గ్రామమున బీదల నడుమకు పోయెను. పిల్లలు బడికి రానిచో బడియే పిల్లల ముంగిలికి పోవలెనని ఆమె నిశ్చయము. గింజలు, గులకరాళ్లు, గవ్వలు, ఆకులు, బంకమట్టి అను ఊరి వస్తువులే అచట బోధన సామగ్రి. ముంగిలిలో జరుగు బడి గనుక దానికి "అంగన్‌వాడి" అని పేరు వచ్చినది. 1957లో ఆమె, అనుతాయి వాఘ్ కలిసి కోస్బాడు కొండలలోని గిరిజనుల నడుమ ఆ పని సాగించిరి. చాటలో జొన్నలు పోసి బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొన్న మన ఇల్లాలికి ఈ చరిత్ర చుట్టమైనది ఇక్కడనే.

చెవి విషయమున ఆకాశవాణి చేసిన సేవయు చెప్పదగినదే. 1938లో మద్రాసు కేంద్రము ఆరంభమైన పిదప, న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలుగ తెలుగు పిల్లలకు ఆత్మీయులైరి. 1945లో వారు "బాల" పత్రికను వెలువరించిరి. 1963లో కడప కేంద్రము ఏర్పడిన పిమ్మట సీమ పలుకు సీమ గాలిలోనే వినవచ్చినది. రేడియో పసివానికి చూపునది ఏమియు లేదు. పాటను మాత్రము ఇచ్చి, తక్కినది తల్లి ఒడికే వదలెను. అందుచేత అది ఒడిని తొలగింపలేదు.

పాత ముంగిలిని ఇంత కొనియాడిన పిదప, అందులోని కొరతను దాచుట న్యాయము కాదు. కూలికి పోవు తల్లి బిడ్డను ఎవరికి అప్పగించెడిది? అవ్వ యున్న ఇంట అవ్వకు; లేని యింట ఏడెనిమిదేండ్ల పెద్దకూతురికి. తమ్ముని చంకన వేసికొని ఊరంతయు తిరిగి, వానికి కాకిని చూపి, కోడిని చూపి, పాట పాడి మాటలు నేర్పినది ఆ బాలికయే. వాని ఇంద్రియములకు తొలి ఉపాధ్యాయిని ఆమె. ఆమె బడి మాత్రము సాగలేదు. తమ్ముని చదువుకు పునాది వేయుటలో అక్క చదువు కూలినది. ఈ ఋణమును ఏ పాటయు చెప్పదు. 1975 అక్టోబరు 2న దేశమున సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము ప్రారంభమై, తారాబాయి నాటి పేరునే పూని అంగన్‌వాడీలు ఊరూర వెలసినప్పుడు, వాటి లాభము పసివానికెంతయో, బడికి పోగలిగిన అక్కకును అంతయే. అంగన్‌వాడిని పౌష్టికాహారమును పంచు చోటుగ మాత్రమే చూచువారు ఈ రెండవ లాభమును మరచుచున్నారు.

నేడు చిక్కు మరియొక రూపమున వచ్చినది. అక్క చంక స్థానమున చేతిఫోను వచ్చినది. బిడ్డ ఏడ్చిన ఫోను, తినకున్న ఫోను. అందులో రంగు కలదు, ధ్వని కలదు. బరువు లేదు, వాసన లేదు, రుచి లేదు, చలువ లేదు. ఏనుగును తాకినను అద్దమే, చీమను తాకినను అద్దమే. ఏడాది లోపు బిడ్డలకు తెర అసలే వలదనియు, రెండేండ్లు నిండువరకును కూడదనియు, రెండు మొదలు నాలుగేండ్ల వరకు దినమునకు ఒక గంట మించరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించినది. పుట్టినది మొదలు మూడేండ్ల వరకు గల బిడ్డలకు ఇంటియందే ఆటమాటలతో ప్రేరణ కల్పించుటకై భారత ప్రభుత్వము 2024లో "నవచేతన" అను మార్గదర్శకమును ప్రకటించినది. చరకుడు చెప్పినది, అవ్వ చేసినది, మాంటిసోరి నిరూపించినది మరల ప్రభుత్వ పత్రములలోనికి వచ్చినది.

ఇల్లాలు చేయదగినది కష్టమైన పని కాదు. పాత చీరముక్క, కంబళి తునక, గోనెపట్ట, నున్నని చెక్క ఒక బుట్టలో వేసి యిచ్చినచో అదియే స్పర్శపాఠము. గింజలు లోనుండగా ఎండి గట్టిపడిన సొరకాయ బుర్ర మంచి గిలక. కొత్తిమీర, కరివేపాకు, నిమ్మతొక్క నలిపి ఒక్కొక్కటిగ వాసన చూపవచ్చును. సీతాఫలముల కాలమున ఆ గరుకు తొక్కను తడవి, లోపలి మెత్తని గుజ్జును రుచి చూపుట ఒక పండుగ. గింజలను మాత్రము తల్లియే తీసివేయవలెను. నీటి ఆట విషయమున సీమ తల్లికి సంకోచముండును. బిందె నీరు ఎంత దూరమునుండి వచ్చినదో ఆమె ఎరుగును. ఒక్క చెంబెడు నీరు చాలును. కరివేప చెట్టు మొదట కూర్చుండబెట్టి, రెండు గిన్నెలిచ్చినచో బిడ్డ ఒకదానినుండి మరొకదానిలోనికి పోయుచుండును. ఒలికిన నీరు చెట్టు త్రాగును. నీటి విలువయు ఆ ఆటలోనే తెలియవచ్చును.

జాగ్రత్తలు కొన్ని గలవు. చింతగింజలు, గవ్వలు, గులకరాళ్లు పెద్దపిల్లల ఆటలకు తగినవి. మూడేండ్లు నిండని బిడ్డ చేత వానిని పెట్టరాదు, గొంతున అడ్డుపడి ప్రాణము మీదికి తెచ్చును. జొన్నలతో ఆడునప్పుడు సయితము పెద్దవారి కన్ను బిడ్డ మీదనే యుండవలెను. గింజ ముక్కులోనికి, చెవిలోనికి పోగలదు. నిండిన బకెట్టు వద్ద బిడ్డను క్షణమైనను ఒంటరిగ విడువరాదు. చేనికి కొట్టు పురుగుమందు డబ్బాలు ఎంత కడిగినను ఆటవస్తువులు కాజాలవు. రంగు పెచ్చులూడు చౌక బొమ్మలు నోటికి పోవును గనుక వలదు. నోటిలో దూరరాదు, ప్రాణాపాయము కారాదు అన్న చరకుని మాటకు ఇవి నేటి వ్యాఖ్యానము.

మరల మన వసారాకు వత్తము. ఇల్లాలికి పని తొందరయే. సాయంకాలమునకు పిండి కావలెను. బిడ్డ చేతులు చాటలో మునిగియున్నవి; నాలుగు గింజలు బండమీదికి దొరలినవి. ఆమె కసరుటకు నోరు తెరచి, ఏమి తోచెనో, ఒక చిన్న గిన్నె తెచ్చి ప్రక్కన పెట్టెను. బిడ్డ దొరలిన గింజలను ఒక్కొక్కటిగ బొటనవ్రేలితో చూపుడువ్రేలితో పట్టి, గిన్నెలో వేయుచున్నాడు. రేపు బలపము పట్టవలసినవి ఆ రెండు వ్రేళ్లే. ఆమె రాళ్లేరుట ఒక అరగంట ఆలస్యమగును. ఆ అరగంట వృథా కాలేదని చెప్పుటకే ఇంత చరిత్ర చెప్పవలసివచ్చినది.